సమాజాల పతనం, ప్రపంచ మహావిపత్తులు: పరిశోధనకి ఏ దారి ఎంచుకోవాలి?

సమాజాలు ఎందుకు కూలిపోతాయి, ప్రపంచం మొత్తాన్ని ఒకేసారి దెబ్బతీయగల విపత్తులు ఏవి అన్న విషయం మీద పని చేయాలనుకునే తెలుగువాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వీళ్ళలో చరిత్రలో ఎమ్మే చేసినవాళ్ళున్నారు, అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తిచేసినవాళ్ళున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు ఏఐ ప్రమాదాల గురించి చదువుకునేవాళ్ళున్నారు. అందరూ అడిగేది ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి?

బయటి నుంచి చూస్తే ఇదంతా ఒకే రంగంలా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే నాలుగు వేరువేరు పనులు. గతంలో కూలిపోయిన సమాజాల చరిత్రని వెలికితీయడం ఒకటి. అణుయుద్ధం, అగ్నిపర్వతం, మహమ్మారి లాంటి వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని దాని శాస్త్రం లెక్కగట్టడం రెండోది. దెబ్బ తగిలాక జనానికి తిండి, నీళ్ళు, మందులు ఎలా అందాలి అన్నది మూడోది. అన్ని ముప్పుల్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత పెద్దది, మనిషి జాతి ఈ శతాబ్దం దాటుతుందా అని అంచనా వేయడం నాలుగోది. వార్తల్లోకి ఎక్కువగా వచ్చేది నాలుగోదే. నన్నడిగితే మన దగ్గరి విద్యార్థుల్లో ఎక్కువమంది మూడోదాన్ని ఎంచుకోవాలంటాను. ఎందుకో అర్థం కావాలంటే ముందు పాత కర్నూలు జిల్లా సంగతి చెప్పాలి.

ఒకే జిల్లా, రెండు విపత్తులు

జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. ఇప్పుడది నంద్యాల జిల్లా. అక్కడ మట్టి కింద తెల్లటి మెత్తటి బూడిద పొర ఉంది. కొన్నిచోట్ల దాని మందం నిలువెత్తు మనిషిని మించి ఉంటుంది. బూడిద కోసం తవ్విన గుంటల గోడల్లో ఆ పొర గీత గీసినంత స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి వచ్చి పడిన బూడిద అది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమ్మీద జరిగిన అతి పెద్ద పేలుళ్ళలో టోబా ఒకటి. దాని దెబ్బకి మనుషుల సంఖ్య కొన్ని వేలకి పడిపోయిందని 1990లలో ఒక వాదన వచ్చింది. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరుల బృందం జ్వాలాపురం తవ్వకాల ఫలితాలు ప్రచురించింది. బూడిద కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. రెండూ దాదాపు ఒకే తీరులో చేసినవి. అంటే అక్కడి మనుషులు ఆ పేలుడుని తట్టుకుని నిలబడ్డారని ఆ బృందం వాదన. ఆ పనిముట్లు చేసినవాళ్ళ ఎముకలు దొరకలేదు కాబట్టి వాళ్ళు ఎవరన్న దాని మీద ఇంకా తగవు ఉంది.

ఇప్పుడు అదే జిల్లాలో 1876కి రండి. వానలు పోయాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. ఆ వానలు పోవడానికి పసిఫిక్ సముద్రంలో వచ్చిన బలమైన ఎల్‌నినో, అంటే అక్కడి నీళ్ళు మామూలు కంటే వేడెక్కడం, ఒక కారణం. చైనా, బ్రెజిల్ కూడా అదే సమయంలో ఎండిపోయాయి. కానీ మద్రాసు ప్రెసిడెన్సీలో మనుషులు చనిపోయింది వాన లేకపోవడం వల్ల మాత్రమే అంటే సగం కథే చెప్పినట్టు. కరువు నడుస్తుండగానే ఇండియా నుంచి ఇంగ్లండుకి గోధుమలు ఓడల్లో వెళ్ళాయి. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది వైస్రాయ్ లిట్టన్ పట్టు. కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని, కరువు చూడమని వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో తట్ట మోసే శరీరానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ కాగితాల మీదే పోరాడాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు.

ఆకాశం నుంచి నిలువెత్తు బూడిద కురిసినా బతికారు, రెండేళ్ళు వాన లేకపోతే నాలుగో వంతు పోయారు. ఇది సరైన పోలిక కాదని నాకూ తెలుసు. మొదటివాళ్ళు కొద్దిమంది, వేటాడుతూ తిరిగేవాళ్ళు, ఒక లోయ పాడైతే ఇంకో లోయకి వెళ్ళగలిగినవాళ్ళు. రెండోవాళ్ళు శిస్తుకి, అప్పుకి, అంగడి ధరకి కట్టుబడినవాళ్ళు. అయితే ఆ తేడాలోనే అసలు విషయం ఉంది. ముప్పు ఎంత పెద్దదన్నదాని కంటే అది తగిలే చోట మనుషులు ఎంత బలహీనంగా ఉన్నారన్నది ఎక్కువ తేలుస్తుంది. కింద ఒక్కో దారి గురించి నేను చెప్పేదంతా దీన్నిబట్టే.

చరిత్ర దారి

ఇందులో అన్నిటికన్నా గొప్ప సౌకర్యం ఏమిటంటే, జరిగిపోయింది కాబట్టి సాక్ష్యం ఉంది. అతి పెద్ద ప్రమాదం కూడా అదే చోట ఉంది. తక్కువ సాక్ష్యంతో చక్కటి కథ అల్లడం చాలా సులువు.

పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి సంగతి చూడండి. అక్కడివాళ్ళు చెట్లన్నీ నరికేసి తమ కొంప తామే కూల్చుకున్నారని ఎన్నో ఏళ్ళు పాఠంలా చెప్పారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రాచీన డీఎన్‌ఏ అధ్యయనం ఆ పతనం జరిగిందన్న 1600ల కాలంలో జనాభా కుప్పకూలిన గుర్తులేవీ లేవని చూపించింది. నిజంగా ఆ దీవిని ఊడ్చేసింది 1860లలో పెరూ నుంచి వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయిన బానిస వ్యాపారులు, వాళ్ళ వెంట వచ్చిన రోగాలు. ఒక తరం విద్యార్థులు తప్పు పాఠం నేర్చుకున్నారు. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు దీన్ని ఎప్పుడూ మర్చిపోకూడదు.

రెండో చిక్కు, 'కూలింది' అంటున్నామే, ఏం కూలింది? 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత హంపీ నగరం పాడుబడింది. రాజ్యం మాత్రం పెనుకొండకి, తర్వాత చంద్రగిరికి, వేలూరుకి మారి ఇంకా చాలాకాలం నడిచింది. నాయక రాజులు తంజావూరులో, మదురైలో తెలుగు సాహిత్యాన్ని పోషించారు. రాయలసీమ రైతు దృష్టిలో అది పతనమా, పన్ను కట్టించుకునే చెయ్యి మారడమా? మధ్య అమెరికాలోని మాయా నాగరికత నగరాల విషయంలోనూ అంతే. తొమ్మిదో శతాబ్దంలో నగరాలు ఖాళీ అయ్యాయి, ఆ కాలంలో కరువులొచ్చినట్టు సరస్సుల అడుగు మట్టి చెబుతోంది, మాయా ప్రజలు మాత్రం ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు.

మీకు పాత తెలుగు లిపి చదవడం వచ్చినా, నేర్చుకునే ఓపిక ఉన్నా, ఈ దారిలో మీ చేతిలో ఉన్నది ప్రపంచంలో ఎక్కడివాళ్ళకీ దొరకని ముడిసరుకు. రెండు వందల ఏళ్ళ కిందట కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రల్లో, అంటే మెకంజీ కైఫీయతుల్లో, ఊళ్ళు ఎప్పుడు పాడుబడ్డాయి, మళ్ళీ ఎవరొచ్చి కట్టుకున్నారు అన్న సమాచారం ఉంది. చెరువు శాసనాలున్నాయి. 2011లో మొదలైన సెషాత్ అనే డేటాబ్యాంక్ ప్రపంచ చరిత్రని అంకెల్లోకి మార్చి పోల్చే పని చేస్తోంది. అలాంటి పనికి దక్కన్ గ్రామాల స్థాయి సమాచారం అందించగలిగేది తెలుగు, కన్నడం చదవగలిగినవాళ్ళే. ఉద్యోగాలు తక్కువ, ఫెలోషిప్పులు ఇంకా తక్కువ అన్నది కూడా తెలిసి దిగాలి.

ఒక్క ముప్పు మీద పని

ఫిజిక్స్, మెటియరాలజీ, ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్ళకి ఇది తగిన చోటు. మంచి ఉదాహరణ అణు శీతాకాలం. నగరాలు తగలబడితే లేచే మసి మేఘాల పైకి చేరి ఏళ్ళ తరబడి ఎండని అడ్డుకుంటుందన్నది 1983 నుంచి ఉన్న వాదన. 2022లో లిలీ షియా, అలన్ రోబాక్ తదితర వాతావరణ శాస్త్రవేత్తలు దాన్ని పంటల దాకా, చేపల దాకా లెక్కగట్టారు. భారత్, పాకిస్తాన్ మధ్య తీవ్రమైన అణుయుద్ధం జరిగితే ప్రపంచంలో 200 కోట్లమందికి పైగా, అమెరికా, రష్యా మధ్య అయితే 500 కోట్లమందికి పైగా ఆకలితో పోవచ్చని తేల్చారు. బాంబులతో చనిపోయేవాళ్ళు దీనికి అదనం.

ఇక్కడ ఇంకా తేలని ప్రశ్న ఒకటుంది. మసి ఎంత లేస్తుంది, ఎంత పైకి వెళ్తుంది? 2018లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు భారత్, పాక్ యుద్ధాన్నే వాళ్ళ కంప్యూటర్ మోడల్‌లో నడిపి, మసి అంత ఎత్తుకి చేరదన్నారు. రోబాక్ వైపువాళ్ళు ఆ మోడల్‌లో పెట్టిన నగరంలో తగలబడే సరుకు మరీ తక్కువ అన్నారు. అంటే మొత్తం వాదన నగరంలో చదరపు మీటరుకి ఎంత కాలుతుందన్న దగ్గర వచ్చి ఆగింది. మన నగరాల గురించి మనకే తెలిసిన సంగతులు ఇక్కడ పనికొస్తాయి. కాంక్రీటు ఎంత, కలప ఎంత, ప్లాస్టిక్ ఎంత, గ్యాస్ సిలిండర్లు ఎన్ని? దక్షిణాసియా నగరం మీద కొలిచి చెప్పిన లెక్క ఉంటే రెండు పక్షాలూ దాన్ని వాడుకోక తప్పదు. 2024 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ అణుయుద్ధ పర్యవసానాల మీద స్వతంత్ర శాస్త్రవేత్తల ప్యానెల్ వేయాలని తీర్మానించింది కాబట్టి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు.

మహమ్మారుల దారి వేరు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఒక్క ఇండియాలోనే కోటికి పైగా ప్రాణాలు తీసింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020లో మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్ళు వెతికి నగరంలో ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా కట్టారు. ఇలాంటి నిఘా పని చేయండి, మనసు పెట్టి చేయండి. వైరస్‌ని ఎలా మరింత ప్రమాదకరం చేయవచ్చు అన్న వైపు మాత్రం, ఎంత ఆసక్తి ఉన్నా, ఎవరు ప్రోత్సహించినా వెళ్ళొద్దు. ఈ రంగంలో ప్రచురించకూడని జ్ఞానం కూడా ఉంటుంది.

పెద్ద అంచనాల దారి

కేంబ్రిడ్జిలో మార్టిన్ రీస్, హ్యూ ప్రైస్, జాన్ తాలిన్ 2012లో మొదలుపెట్టిన కేంద్రం ఈ పని చేస్తోంది. ఆక్స్‌ఫర్డ్‌లో నిక్ బోస్ట్రమ్ 2005లో స్థాపించిన సంస్థ 2024 ఏప్రిల్‌లో మూతపడింది. ఇంత పేరున్న సంస్థే మూతపడగలిగినప్పుడు కెరీర్ మొత్తం ఒకే చోట పెట్టేముందు ఆలోచించుకోవాలి.

ఇందులో నాకున్న అభ్యంతరం సాక్ష్యం గురించి. ఈ శతాబ్దంలో మనిషి జాతి భవిష్యత్తుని శాశ్వతంగా నాశనం చేసే విపత్తు వచ్చే అవకాశం ఆరింట ఒకటి అని 2020లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టోబీ ఆర్డ్ అన్నాడు. 2022లో ఫోర్‌కాస్టింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు రంగ నిపుణుల్నీ, అంచనాలు వేయడంలో ఆరితేరినవాళ్ళనీ ఒకచోట చేర్చి నెలల తరబడి వాదించుకోమన్నారు. 2100 లోపు మనిషి జాతి అంతరించే అవకాశం నిపుణుల మధ్యస్థ అంచనాలో 6 శాతం, రెండోవాళ్ళ అంచనాలో 1 శాతం. ఆర్డ్ అడిగిన ప్రశ్న, వీళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి కాదు, నిజమే. కానీ ఒకే ప్రశ్న మీద అన్ని నెలలు వాదించుకున్నా ఈ రెండు వర్గాలూ దగ్గరికి రాలేదు. అవతలివాడిని ఒప్పించగల సాక్ష్యం ఎవరి దగ్గరా లేదన్నమాట. ఇలాంటి చోట కొత్తగా వచ్చిన ఇరవై రెండేళ్ళ విద్యార్థి మంచి వ్యాసం రాయగలడు గానీ, రాసింది తప్పో ఒప్పో తెలుసుకునే వీలుండదు. నేర్చుకునే వయసులో అది మంచిది కాదు.

ఏఐ ప్రమాదాల మీద పనిని దీంట్లోంచి విడదీసి చూడాలి. 2023 మేలో జెఫ్రీ హింటన్, యోషువా బెంజియో లాంటి పేరున్న ఏఐ శాస్త్రవేత్తలు ఏఐ వల్ల మనిషి జాతి అంతరించే ముప్పుని మహమ్మారులు, అణుయుద్ధాలతో సమానంగా చూడాలన్న ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఎన్నేళ్ళలో ఏమవుతుందన్న అంచనాల జోలికి పోకుండా, ఏఐ మోడల్ లోపల ఏం జరుగుతోంది, పరీక్షలో ఒకలా బయట ఇంకోలా ప్రవర్తిస్తుందా అని కొలిచే పని చేయొచ్చు. కోడింగ్ చేతిలో ఉన్నవాళ్ళు ఉద్యోగం మానకుండానే దీన్ని మొదలుపెట్టగలరు, వారం తిరక్కముందే ఫలితం కళ్ళముందుంటుంది. ఇదే ఇష్టమైతే నేను ఆపను.

తట్టుకునే దారి

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పదివేలమంది దాకా పోయారు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లోనూ దాదాపు అంతే. 2013లో అదే ఒడిశా తీరానికి ఫైలిన్ వచ్చినప్పుడు మరణాలు పదుల్లోనే ఆగాయి. గాలి మెత్తబడలేదు. మధ్యలో ముందస్తు హెచ్చరిక వచ్చింది, తుఫాను షెల్టర్లు వచ్చాయి, లక్షలమందిని ఖాళీ చేయించే పద్ధతి వచ్చింది. మనిషి ప్రయత్నంతో ఏం మారుతుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మిగతా మూడు దారుల్లో లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్ననే ప్రపంచ స్థాయికి తీసుకెళ్ళండి. అణుయుద్ధం కానీ, 1815లో పేలిన తంబోరా లాంటి అగ్నిపర్వతం కానీ, ఒకేసారి చాలా దేశాల పంటలు దెబ్బతినే కరువు కానీ, మనిషిని చేరేది చివరికి తిండి దగ్గరే. తంబోరా తర్వాత 1816లో యూరప్‌కి వేసవి లేకుండా పోయింది, పంటలు పోయాయి, రొట్టె ధర పెరిగి అల్లర్లు జరిగాయి. ఏ ముప్పు ముందు వస్తుందో చెప్పలేం. అన్నీ వచ్చి తగిలే చోటు మాత్రం తెలుసు. ఆ చోటు మీద పనిచేస్తే, మీరు ఊహించిన ముప్పు రాకపోయినా మీ పని వృథా పోదు. ఈ దారిని ఎక్కువమందికి చెప్పడానికి నాకున్న బలమైన కారణం ఇదే.

డేవిడ్ డెంకెన్‌బర్గర్ మొదలుపెట్టిన అల్‌ఫెడ్ అనే సంస్థ 2017 నుంచి ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఎండ తగ్గిపోతే సముద్రపు నాచుతో ఎంతమందికి తిండి పెట్టొచ్చు, కాగితం మిల్లుల్ని మార్చి కలప పీచు నుంచి చక్కెర తీయొచ్చా అని లెక్కలు కట్టారు. పని మంచిది. అయితే ఆ లెక్కల్ని దక్కన్‌కి తెచ్చి చూడాల్సింది మనమే. వేడి నేలల్లో రెండు మూడు డిగ్రీల చలి కంటే రుతుపవనం బలహీనపడటం పెద్ద దెబ్బ. వరసగా మూడేళ్ళు వర్షం తగ్గితే తుంగభద్ర ఆయకట్టులో వరి వేయాలా, జొన్నా కొర్రా వేయాలా? ఊరు ఊరంతా ఒకేసారి కొర్రకి మారాలంటే అంత విత్తనం ఎవరి దగ్గరుంది? జూలై 1 నాటికి కేంద్ర నిల్వలో ఉండాల్సిన బియ్యం, గోధుమల ప్రమాణం కలిపి దాదాపు 411 లక్షల టన్నులు. అది ఎన్ని చెడ్డ ఏళ్ళని ఆపుతుంది? ఓడరేవులు మూతపడి ఎరువు, డీజిల్ రాకపోతే రేషన్ దుకాణం దాకా ఆ బియ్యం ఎలా వస్తుంది?

ఈ ప్రశ్నలకి కావలసిన సంస్థలు ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ జీన్‌బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు లక్షకి పైగా భద్రంగా ఉన్నాయి. మెట్ట వ్యవసాయం మీద పరిశోధనకి క్రిడా (CRIDA) అనే కేంద్ర సంస్థ ఉంది. ఎంత తిండితో శరీరం ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పగల జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. కోర్నిష్ 1877లో టెంపుల్‌తో వాదించిన ప్రశ్న సరిగ్గా ఇదే. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

మరి ఎవరు ఎటు?

మంచి జీతం, విదేశీ యూనివర్సిటీ త్వరగా కావాలంటే మోడలింగ్ (అంటే ఒక్క ముప్పుని పట్టుకుని కంప్యూటర్‌లో లెక్కగట్టే పని) లేదా ఏఐ. భాషలు, శాసనాలు, పాత రికార్డులంటే ప్రాణం అయితే చరిత్ర, కానీ గణాంకశాస్త్రం కొంతైనా నేర్చుకుని వెళ్ళండి. అగ్రికల్చర్, ఎకనామిక్స్, న్యూట్రిషన్, సివిల్ చదివినవాళ్ళు కళ్ళు మూసుకుని తట్టుకునే దారి ఎంచుకోవచ్చు. పెద్ద అంచనాల దారిలోకి మిగతా మూడింటిలో ఒకదాంట్లో కొన్నేళ్ళు పనిచేశాక వెళ్తే మీ మాటకి బరువుంటుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక చిన్న పనితో పరీక్షించుకోండి. పాత కర్నూలు జిల్లా మాన్యువల్, 1871, 1881 జనాభా లెక్కలు, 1880 కరువు కమిషన్ నివేదిక ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ముందు పెట్టుకుని, ధాత కరువులో ఏ తాలూకాలో జనం ఎక్కువ తగ్గారు, ఎందుకు అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి. వెతుకుతూ వెతుకుతూ మీ మనసు శిస్తు రికార్డుల వైపు లాగితే మీరు చరిత్ర మనిషి. ఎల్‌నినో వైపు లాగితే మోడలింగ్. "ఆ పౌను ధాన్యం బదులు ఎంత ఇచ్చి ఉండాల్సింది, ఎలా ఇచ్చి ఉండాల్సింది" అని నిద్ర పట్టకపోతే తట్టుకునే దారి.

ఈ చదువు మనసు మీద భారం వేస్తుందని కూడా తెలిసి దిగండి. రోజూ మరణాల లెక్కలతో గడిపితే టెన్షన్ రాకుండా ఉండదు. ఒంటరిగా చేయొద్దు, మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురు తోడుంటే మేలు.

చివరిగా అడ్మిషన్ సంగతి. మన యూనివర్సిటీల్లో మహావిపత్తుల విభాగం కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. పీహెచ్‌డీకి అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లోనో, ఆంధ్రా యూనివర్సిటీ మెటియరాలజీలోనో, చరిత్ర విభాగంలోనో చేరి, టాపిక్‌ని ఈ వైపు తిప్పుకోండి. ప్రొపోజల్‌లో "నాగరికత పతనం" అని రాస్తే గైడ్ భయపడతారు. "వరుస కరువుల్లో విత్తన లభ్యత, రాయలసీమలోని నాలుగు జిల్లాలు" అని రాయండి, కూర్చోబెట్టి మాట్లాడతారు.